సెవాన్ సరస్సు దగ్గర ఒక గంట లేటు

పాఠక మహాశయులారా! ముందుగా మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. కాకసస్ పర్వతాల యాత్ర అనగానే మీరు ఏమేం ఆశిస్తారో నాకు తెలుసు. మంచు తుఫాను, తోడేళ్ళ గుంపు, లోయ మీద ఊగే తాళ్ళ వంతెన, ఏదీ కుదరకపోతే కనీసం గుర్రమెక్కి వచ్చి కాపాడే ఒక నీలికళ్ళ అమ్మాయి. ఇందులో అవేవీ లేవు. ఉన్నవల్లా ఒక సరస్సు, ఒక కాల్చిన చేప, ఒక పాల లారీ, మా నాన్న. ఈ ఘోరమైన కొరతకు నేను తీవ్రంగా విచారించాను. విచారం ఒక పూటలో తీరిపోయింది కాబట్టి రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజుల్లో నేను సోవియట్ దేశంలోని ఆర్మేనియాలో, యెరెవాన్ అనే ఊళ్ళో ఇంజనీరింగు మూడో ఏడాది చదువుతున్నాను. చదువుతున్నాననే మా ఇంట్లో అనుకునేవారు. మా ఇల్లు రాయపూర్‌లో గుఢియారీ వైపు, పట్టాల పక్కన. గూడ్సు వెళితే మా వంటింట్లో గిన్నెలు వాటిలో అవి మాట్లాడుకుంటాయి. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఆ గూడ్సు బండ్లకే గార్డు. ఎనభై ఆరు జూలైలో రైల్వే కార్మికుల స్నేహ బృందం ఒకటి సోవియట్ దేశం వస్తే అందులో మా నాన్న కూడా వచ్చాడు. మాస్కో చూపించారు, ఫ్యాక్టరీలు చూపించారు, చివరికి యెరెవాన్ తెచ్చి ఒక ఆదివారం ఖాళీ ఇచ్చారు. రాత్రి ఎనిమిదింటికి హోటల్లో వీడ్కోలు విందు, మర్నాడు తెల్లవారగానే విమానం. నాకు దొరికింది ఆ ఒక్క ఆదివారం.

నాన్న గురించి రెండు సంగతులు చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. మొదటిది గడియారం. లోకంలో స్టేషన్ గడియారం తప్ప మిగతావన్నీ గోడకి వేలాడే బొమ్మలని ఆయన సిద్ధాంతం. ప్రతి ఆదివారం ప్రార్థనకు ముందు రాయపూర్ స్టేషన్‌కి వెళ్ళి చేతి గడియారం సరిచేసుకుని, వచ్చి ఇంటి గడియారం సరిచేసి, తర్వాత చర్చికి వెళ్ళి పాస్టరుగారి గడియారాన్ని కూడా ఉద్ధరించేవాడు. రెండోది పుస్తకం. బండి దారిలో ఒక్క నిమిషం ఆగినా గార్డు తన పుస్తకంలో రెండు ముక్కలు రాయాలి: ఎంత లేటు, కారణం ఏమిటి. ఆ అలవాటు నాన్నతోపాటు ఇంటికి వచ్చేసింది. అన్నం ఆలస్యమైతే జేబులోంచి చిన్న పుస్తకం తీసి "పన్నెండు నిమిషాలు, కారణం కుక్కరు రబ్బరు" అని రాసేవాడు. అమ్మ పళ్ళు నూరేది. "లేటవడం తప్పు కాదురా, కారణం తప్పు రాస్తే అదీ నేరం" అని మా చిన్నప్పటినుంచి ఆయన పాట. తన కారణంగా ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ బండీ, ఏ విందూ, ఏ పెళ్ళీ లేటవలేదని ఆయనకి గర్వం.

ఇక నా సంగతి. ఆ జూన్‌లో యంత్రశాస్త్రం పరీక్ష ఎంత శ్రద్ధగా తప్పానంటే, ఏడాది మొత్తం మళ్ళీ చదవమన్నారు. ఇటు నాన్న కాలనీలో ప్రతివాడికీ "మావాడు ఇంకా రెండేళ్ళే, ఇంజనీరై దిగుతాడు" అని టైంటేబుల్ ప్రకటించేశాడు. ఉత్తరం రాసి పడేయొచ్చు కదా అంటారు మీరు. మా ఇంట్లో ఉత్తరం వస్తే అమ్మ పైకి చదువుతుంది, నాన్న వింటాడు, ఇరుగుపొరుగు ఆరుగురు తలలూపుతారు. అందుకని నా నోటితో నేనే, నాన్న మొహం చూస్తూ, ఆ ఆదివారమే చెప్పాలి. చెప్పకపోతే ఆయన తిరిగెళ్ళి ఇంకో వందమందికి ఆ టైంటేబుల్ ప్రకటిస్తాడు. ప్రశాంతమైన చోట చెబితే దెబ్బ తక్కువ తగులుతుందని ఆలోచించి సెవాన్ సరస్సు ఎంచుకున్నాను. విదేశీయులు ఊరు దాటాలంటే కాగితం కావాలి కాబట్టి మూడు రోజుల ముందే తిరిగి తిరిగి ఇద్దరికీ అనుమతి సంపాదించాను.

యెరెవాన్ నుంచి సెవాన్‌కి బస్సు ఉంది, గంటన్నరలో చేరుస్తుంది. కరెంటు రైలుకి రెండు గంటలు దాటుతుంది. నాన్నని అడిగాను. "రైలుండగా బస్సేట్రా, బుద్ధుందా?" అన్నాడు. అలవాటు ప్రకారం చాలా ముందే స్టేషన్ ముందు దిగాం. నాన్న తలెత్తి స్టేషన్ గడియారం చూశాడు, తర్వాత చేతికేసి చూసుకున్నాడు, నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

"ఏట్రా ఇది? స్టేషన్ ఏడంటోంది, నాది ఎనిమిదంటోంది. ఆ హోటలు గడియారం చూసి పెట్టుకున్నాను, వాళ్ళు గంట ముందుకి తిప్పేసి పెట్టారు. నీదెంత?"

"నాది రిపేరుకి ఇచ్చాను నాన్నా."

"చూడు మరి. బోర్డు మీద ఏడు నలభై బండి రాసుంది, గడియారంలో ఏడయింది. రెండూ ఒకటే మాట. హోటలు మాట ఎవడిక్కావాలి? ఛోడ్ దో." అని, భక్తిగా తన గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాడు. నేనా ఊళ్ళో ఎప్పుడూ బస్సుల్లోనే తిరిగేవాణ్ణి. ఆ స్టేషన్ ఆచారాలు నాకేం తెలుసు? సరిగ్గా ఏడు నలభైకి బండి కదిలింది. నాన్న టోపీ తీసి ఆ దేశపు రైల్వేకి నమస్కారం పెట్టాడు.

టికెట్టు మనిషికి రూబుల్ లోపే. చెక్క బెంచీలు, కిటికీలకు తెల్ల తెరలు. ఎదురు బెంచీ మీద ముసలాయన ఒళ్ళో కోడిపుంజుని పెట్టుకుని కూర్చున్నాడు. బండి కొండలెక్కుతున్న కొద్దీ గాలి చల్లబడింది, యాప్రికాట్ తోటలు పోయి గడ్డిమైదానాలు వచ్చాయి. కుడివైపు కూర్చోండి, సెవాన్ దగ్గరపడ్డాక నీళ్ళు మొదట అటే కనిపిస్తాయి. నాన్న మాత్రం నీళ్ళు చూడలేదు. సిగ్నళ్ళు లెక్కపెట్టాడు. ఆ లెక్క మధ్యలో చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఉండ్రా, డిస్టెంట్ సిగ్నల్ వస్తోంది" అన్నాడు. నోరు మూశాను.

సెవాన్ స్టేషన్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న గుట్టకి నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. టాక్సీవాడు రెండు రూబుళ్ళన్నాడు, ఒకటిన్నరకి ఒప్పుకున్నాడు. దిగేటప్పుడు రోడ్డుపక్క బస్టాపు చూపించి, తిరుగు రైలు రాత్రికి గాని లేదని, యెరెవాన్‌కి చివరి బస్సు ఆరింటికని, తప్పితే చేపలతో కలిసి పడుకోవాలని చెప్పాడు. నాన్న పుస్తకం తీసి "ఆఖరి బస్సు 6-00" అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఆ సరస్సుని ఎలా చెప్పాలి? మా రాయపూర్ చెరువు బూఢా తాలాబ్ లాంటివి ఒక వెయ్యింటిని పక్కపక్కన పేర్చి, అన్నింటినీ కొండ మీదికి మోసుకెళ్ళి, ఇంకుసీసాలు గుమ్మరిస్తే అలా ఉంటుంది. చుట్టూ చెట్టులేని నున్నటి కొండలు, మధ్యలో ఆ నీలం. మేఘం నీడ పడినచోట ఆకుపచ్చ. మోటారు చప్పుడు లేదు, మనిషి అరుపు లేదు. జూలైలోనూ నాన్న మఫ్లరు తీయలేదు. ఆ గుట్ట ఒకప్పుడు దీవి అట. కరెంటు కోసం, పొలాల కోసం నీళ్ళు తోడేస్తే సరస్సు కిందికి దిగి, దీవికి కాలిబాట ఏర్పడింది. ఈ ముక్క చెబితే నాన్న ఆ కాలిబాటకేసి చూసి, "అంటే పడవోడి ఉద్యోగం పోయిందన్నమాట" అన్నాడు.

గుట్ట మీద వెయ్యేళ్ళనాటి రెండు రాతి చర్చిలున్నాయి. రెండు వందలకు పైగా మెట్లు. సగం మెట్ల దగ్గర ఇద్దరం ఆయాసంతో కూర్చున్నప్పుడు రెండోసారి నోరు తెరిచాను. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. పైన ఒక రాతిపలక మీద శిలువ, శిలువ మీద ప్రభువు. ఆయనకి బాదంపప్పుల్లాంటి కళ్ళు, రెండువైపులా జడలు. దండెత్తి వచ్చిన మంగోలులు తమ మొహంలాంటి మొహం చూసి పగలగొట్టకుండా వదిలేస్తారని అలా చెక్కారని అక్కడివాళ్ళు చెబుతారు. నాన్న టోపీ తీసి దగ్గరికెళ్ళి చూశాడు.

"ఒరే, మన బస్తర్ వైపు మనిషిలా ఉన్నాడురా ప్రభువు."

"జడలేసుకున్నాడు నాన్నా."

"వేసుకోనీ. బాగున్నాడు. మన పాస్టరుగారికి చెప్పాల." కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. అందులో నా పేరూ, నా చదువూ రెండుసార్లు వినిపించాయి. పరీక్ష తప్పిన కొడుకు కోసం దేవుడికి కృతజ్ఞతలు చెబుతున్న తండ్రిని మధ్యలో ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు. నేనూ కళ్ళు మూసుకుని, నా తరఫున ఎవరైనా చెప్పేస్తే బాగుండునని ప్రార్థించాను.

కిందికి దిగేసరికి నాన్న గడియారంలో ఒంటిగంట. గుట్ట మొదట్లో అనుష్ అనే ఒక పెద్దావిడ, మా మేనత్త వయసుది, రేకుల పాక కింద నిప్పుల మీద చేపలు కాలుస్తుంది. మమ్మల్ని చూసి చేతులు నడుముకి పెట్టుకుని రష్యన్‌లో గట్టిగా ఏదో అంది.

"ఏటంటుంది?" అన్నాడు నాన్న.

ఆవిడ అన్నది, "భోజనాల వేళ దాటిపోయింది, ఇంతసేపూ ఏం చేశారు?" అని. "ఆకలిగా ఉన్నారా అంటోంది" అని చెప్పాను. అనువాదంలో కొంత పోవడం సహజం.

తెల్లచేప ఒకటి నిలువునా కోసి, ఉప్పూ ఎర్రమిరపా రాసి కాల్చి, రుమాలంత పల్చటి రొట్టెలో చుట్టి ఇస్తుంది. ఆ రొట్టెని లవాష్ అంటారు. టమాటాలు, తులసిలా వాసనవేసే ఆకు, పుల్లటి మజ్జిగ కలిపి ఇద్దరికీ ఐదు రూబుళ్ళు. నాన్న సంచీలోంచి పొట్లం తీశాడు. మా పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మమ్మ పంపిన ఠేఠ్రీలు, శనగపిండి జంతికల్లాంటివి. అనుష్‌కి నాలుగు ఇచ్చాడు. ఆవిడ ఒకటి కొరికి కళ్ళు పెద్దవి చేసి, "పాపా జాన్! ఇది ఎలా చేస్తారు?" అంది. అక్కడ జాన్ అంటే అన్నా, నాయనా అని పిలిచినట్టే. హిందీలో అయితే అది ప్రాణమా అని పిలవడం. రాయపూర్‌లో యాభై ఏళ్ళు హిందీ విన్న మా నాన్న మాత్రం అటూ ఇటూ చూసి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఈ పిలుపు మీ అమ్మకి చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి.

మూడోసారి చెప్పబోయాను. గొంతులో చేపముల్లు ఇరుక్కుంది. ఇది నేను కల్పించిన సాకు కాదు. అనుష్ నా వీపు మీద గుద్దిన గుద్దు ఇప్పటికీ వాన పడితే నొప్పి పెడుతుంది.

తర్వాత ఒడ్డున గులకరాళ్ళ మీద పడుకున్నాం. నాన్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగి "అమ్మో" అని వెంటనే బయటికి వచ్చాడు. కొంగలు చూశాడు. చిన్న కునుకు తీశాడు. లేచి, తన రిటైర్మెంటు అయ్యేసరికి నా ఉద్యోగం వస్తుందనీ, రెండూ ఒకదానికొకటి కనెక్షన్ ట్రైన్లలా ఉన్నాయనీ చెప్పాడు. నేను రాళ్ళు విసురుతూ కూర్చున్నాను. అక్కడి నీళ్ళలో రాయి ఏడుసార్లు ఎగురుతుంది. నా నోట్లో మాట ఒక్కసారి కూడా ఎగరలేదు.

నాన్న గడియారంలో అయిదున్నర. అలవాటు ప్రకారం అరగంట ముందే బస్టాపుకి చేరాం. ఎండ ఇంకా నిక్షేపంలా ఉంది. ఒక్క మనిషి లేడు. అనుష్ పాక మూసి, మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళుతూ మమ్మల్ని చూసి ఆగింది.

"ఎవరికోసం?"

"ఆరింటి బస్సు కోసం."

"వెళ్ళిపోయి అరగంటయింది కదా, జాన్!"

నాన్న తన గడియారం ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ అది చూసి, రైల్లో వచ్చారా అని అడిగి, మూట దింపి మరీ నవ్వింది. ఆ దేశంలో ఏ మూలకు వెళ్ళినా స్టేషన్ గడియారం మాస్కో టైమే చూపిస్తుందట. మాస్కోకీ ఆర్మేనియాకీ ఒక గంట తేడా. "రైళ్ళు మాస్కోవి, పొద్దు మాత్రం మాదే," అంది. ఈసారి నేను అక్షరం పోకుండా అనువదించాను.

నాన్న బస్టాపు సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాడు. బండి పట్టాలు తప్పినా ఆయన మొహం అలా అవదు. "స్టేషన్ గడియారం అబద్ధం చెప్పిందేట్రా?"

"అబద్ధం కాదు నాన్నా. వేరే ఊరి నిజం."

"ఎనిమిదింటికి విందు. నాకోసం అందరూ... ముప్ఫై ఒక్క ఏళ్ళురా." జేబులోంచి పుస్తకం తీశాడు. పెన్ను మూత తీసి, ఏం రాయాలో తోచక దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆ పెన్ను చూస్తే ఏమైందో తెలియదు, నోరు దానంతటది తెరుచుకుంది.

"నాన్నా, ఇంకో లేటు కూడా ఉంది. నాది."

"నీదేటి?"

"పరీక్ష పోయింది. ఈ ఏడాది మళ్ళీ చదవాలి."

ఒక కొంగ మా ముందునుంచి తాపీగా ఎగిరి వెళ్ళింది. నాన్న నాకేసి చూడలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"ఎంత లేటు?"

"ఒక సంవత్సరం."

"కారణం?"

"అక్కడి భాష కష్టం నాన్నా, పైగా చలి, హాస్టల్లో..."

"కథలొద్దు. ఇంజన్ ఫెయిలా? సిగ్నల్ పడలేదా? లైనుకి ఏదైనా అడ్డమొచ్చిందా?"

జీవితంలో మొదటిసారి నాకు హాస్యం తోచలేదు. "డ్రైవరు నిద్రపోయాడు నాన్నా."

నాన్న తలూపి, అదే రాశాడు. తెలుగులోనే, గుండ్రటి అక్షరాల్లో. రాసి, పెన్ను మూత పెట్టి, ఆ పెన్నుతోనే నా నెత్తిన ఒక్కటిచ్చాడు. "లేటైన బండిని తీసుకెళ్ళి గొయ్యిలో పారేస్తారేట్రా? లైను క్లియరిచ్చి పంపిస్తారు. చేరాల, అంతే. కారణం ఖాళీ పెట్టుంటే మాత్రం నిన్ను ఈ చెరువులో పడేసేవోణ్ణి. అమ్మకి నేను చెప్తాను. నువ్వు చెప్తే నవ్వులాట చేసేస్తావు."

"మరి కాలనీలో?"

"రీషెడ్యూల్ అయిందని చెప్తాను," అని, లేచి, తువ్వాలు తీసి దులిపాడు. ఎర్రటి గళ్ళ తువ్వాలు. "చలో. ముందు ఏదో ఒక బండి ఆపాల."

రోడ్డు మధ్యలో నిలబడి, డ్యూటీలో ఉన్నట్టు చెయ్యి చాచి ఎర్ర తువ్వాలు ఊపాడు. మొదటి లారీవాడు హారను కొట్టి, పిడికిలెత్తి అభినందించి వెళ్ళిపోయాడు. రెండోవాడూ అంతే. "వీళ్ళకి ఎర్రజెండా అంటే ముందుకెళ్ళమనా?" అని నాన్న మండిపడ్డాడు. మూడో లారీకి జేబులోంచి విజిల్ తీసి ఒక్క ఊపు ఊదాడు. రాయపూర్ యార్డులో యాభై వ్యాగన్ల అవతలికి వినిపించే విజిల్. లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు పేరు గుర్గెన్, వెనక పాలక్యాన్లు. పోలీసులనుకుని కాగితాలు చేత్తో పట్టుకుని మరీ దిగాడు. మా నాన్న ఇండియాలో రైలు గార్డని తెలిశాక ఆ కాగితాలతోనే విసురుకుని, "గార్డువి నీకు లారీ ఎందుకయ్యా?" అన్నాడు.

"మీ గడియారం వల్ల," అన్నాడు నాన్న తెలుగులో. గుర్గెన్‌కి అర్థమైంది. ఎలా అర్థమైందో నన్నడక్కండి. డబ్బులిస్తానంటే పుచ్చుకోలేదు. మిగిలిన ఠేఠ్రీలన్నీ దారిలో తినేశాడు.

హోటలుకి చేరేసరికి తొమ్మిది దాటి మూడు నిమిషాలు. నాన్న మఫ్లరు సర్దుకుని, ఉరిశిక్ష వినడానికి వెళుతున్నవాడిలా హాల్లోకి నడిచాడు. లోపల ఇంకా ఉపన్యాసాలే నడుస్తున్నాయి, సూప్ కూడా రాలేదు. నాన్న నేరుగా బృందం పెద్ద దగ్గరికెళ్ళి, "గంటా మూడు నిమిషాలు లేటు సాబ్. కారణం, స్టేషన్ గడియారం" అని చెప్పి, పుస్తకంలో రాసింది చూపించి కూర్చున్నాడు. ఆయన రాలేదన్న సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదని నాకు తెలిసింది. ఆయనకి చెప్పలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. ఏడాది లేటుగా నా బండీ చేరింది. పోయిన నెలలోనే పట్టా పుచ్చుకుని రాయపూర్‌లో దిగాను. సెవాన్ గురించి ఎవరైనా అడిగితే ఆ నీలం గురించే చెబుతాను గాని, కళ్ళు మూసుకుంటే కనిపించేది మాత్రం సిమెంటు దిమ్మ, ఆగిపోయిన పెన్ను. అంత నిశ్శబ్దమైన చోట మనిషి ఎక్కువసేపు అబద్ధం మోయలేడు. బరువు తెలిసిపోతుంది. మీలో ఎవరైనా అటు వెళితే జూలైలో వెళ్ళండి, ఉన్ని బట్ట ఒకటి పెట్టుకోండి, అనుష్ దగ్గర చేప తినండి, ముల్లు చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, స్టేషన్ గడియారం రైలుకే పనికొస్తుంది. బస్సుకి, భోజనానికి దానికి ఒక గంట కలుపుకోండి.

ఇక ఒక్క మాట, అది మీకు కాదు. నాన్నా, అమ్మ ఇది నీకు చదివి వినిపిస్తూ ఉంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగమను. ఆ ఏడాది పుస్తకం తీసి, గంటా మూడు నిమిషాల పేజీ తెరువు. కారణం దగ్గర రాసిన "స్టేషన్ గడియారం" కొట్టేయి. ఆ రైలు అంతకుముందే నాలుగుసార్లు ఎక్కాను, దాని మాస్కో టైము సంగతి నాకు మొదటి రోజునుంచీ తెలుసు. నీతో ఇంకొక్క గంట దొరికితే చెప్పగలనేమో అనిపించింది. నా గడియారం రిపేరులో లేదు. నువ్వు స్టేషన్ వైపు తలెత్తిన క్షణంలో దాన్ని చేతినుంచి విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నాను. రోజంతా అది నా తొడ పక్కన సరైన టైము కొట్టుకుంటూనే ఉంది. ఆ యాత్ర మొత్తంలో నేను నిజంగా చేసిన పని అదొక్కటే.